అతికించిన కవరు

మా ఆఫీసులో ఆవిణ్ణి అందరూ భూతద్దం అక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడేమీ అనుకోదు. విదేశాలకు సరుకు పంపేవాళ్ల కాగితాలు తయారుచేయడం మా పని. ఇన్వాయిసులో నూట నలభై పెట్టెలని ఉండి, ఓడ రసీదులో నూట నలభై ఒకటని పడితే చాలు, అవతలి బ్యాంకు కాగితాలన్నీ వెనక్కి కొడుతుంది, సరుకు రేవులో పడి ఉంటుంది. ఆ ఒక్క పెట్టె తేడాను చూడగానే పట్టేసేది ఆవిడే. ఇరవై రెండేళ్లుగా కిటికీ పక్కన అదే బల్ల, అదే చెక్క స్కేలు. ఒక్కో వరస కింద స్కేలు ఆనించి, పెదాలు కదుపుతూ చదువుతుంది.

నేను ఇంటర్నేషనల్ బిజినెస్‌లో మాస్టర్స్ చేసి ఆ ఆఫీసులో చేరాను. ఓడ రసీదు గురించి పుస్తకంలో పదిహేను పేజీలు చదివినవాణ్ణి, అసలు రసీదు చేతికిస్తే ఎటు నుంచి చదవాలో తెలియలేదు. ఆవిడ తన పక్కన కుర్చీ లాగి, "కూర్చో. చదివింది మర్చిపోకు గానీ, కాసేపు పక్కన పెట్టు" అంది. నాకు ముందు ఇద్దరికి అలాగే నేర్పిందట. ఇద్దరూ పై మెట్టెక్కి వెళ్లిపోయారు.

మూడో ఏడు మేనేజరు కుర్చీ ఖాళీ అయితే మా యజమాని, మేము పెద్దాయన అంటాం, దాన్ని నాకిచ్చాడు. ఆ డిగ్రీ ఉన్నవాళ్లకే ఆ కుర్చీ అని ఆయన పట్టు. ఆవిడకున్నది దూరవిద్యలో చదివిన మామూలు బీకాం. మర్నాటి నుంచి ఆవిడ నన్ను మీరు అనడం మొదలుపెట్టింది. వద్దక్కా అంటే, "కుర్చీ మర్యాద కుర్చీకి ఇవ్వాలి" అని తన స్కేలు తీసుకుంది.

నలభై ఏడో ఏట ఆవిడ అదే డిగ్రీకి దరఖాస్తు పెట్టాలనుకుంది. ఉద్యోగస్తుల కోసం శనాదివారాలు నడిపే కోర్సు అది. ఆ మాట ఎత్తింది ఆవిడ భర్త అట. గడియారాలు బాగుచేస్తాడు, పట్టుమని పది మాటలు మాట్లాడడు. "ఊరందరి సరుకూ ఓడెక్కించావు. నువ్వెప్పుడెక్కుతావు?" అన్నాడట.

నన్ను సలహా అడిగింది. "ఈ వయసులో ఆ డిగ్రీతో ఏమొస్తుందక్కా?" అన్నాను.

"మీకేమొచ్చిందో అదే" అంది నవ్వుతూ. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

ముందు ప్రవేశ పరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఉద్యోగంలో ఏ బాధ్యతలు చూసిందో పై అధికారి రాసిన ఉత్తరం, అతికించి ముద్ర వేసిన కవరులో, ఇంటర్వ్యూకి పట్టుకెళ్లాలి. ఏడాదంతా భోజనం గంటలో లెక్కలు చేసింది. ఇంట్లో భర్త వంటింటి బల్ల మీద గడియారం పెట్టుకుని టైము చూసేవాడట. పరీక్షలో నాలుగో స్థానం వచ్చింది. ఆ రోజు ఆవిడ స్వీట్లు పంచుతుంటే నా వంతు తినకుండా సొరుగులో పెట్టేశాను.

ఉత్తరం రాయాల్సింది నేను. పెద్దాయన పిలిచి, "రికార్డులో ఆవిడ టైపిస్టు. ఉన్నదే రాయి. ఆవిడ వెళ్లిపోతే ఈ కాగితాలు నువ్వు చూస్తావా, నేను చూస్తానా?" అన్నాడు.

తప్పంతా ఆయన నెత్తిన రుద్ది చేతులు దులుపుకోవచ్చు. అది నిజం కాదు. నాకు భయం వేసింది. నాకు తెలిసిన పనంతా ఆవిడ పెట్టిన భిక్ష. ఆ డిగ్రీ కూడా ఆవిడ చేతికొస్తే నా కుర్చీలో నేనెందుకున్నానో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. టైపిస్టు అని రాశాను. నమ్మకస్తురాలు, చేస్తున్న పనికి తగిన మనిషి అని రాశాను. సొంతంగా బాధ్యతలు చూసిన అనుభవం లేదని కూడా రాశాను. జిగురు రాసి, ముద్ర కొట్టి ఇచ్చాను. "మీ మేలు మర్చిపోను" అంది.

ఇంకెవరైనా ఆ కవరును దీపానికి అడ్డం పెట్టి చూసేవాళ్లు. ఊళ్లో ప్రతి కాగితంలో తప్పు పట్టే ఆవిడ మాత్రం చూడలేదు. మా పనిలో ఒక ధర్మం ఉంది. కంటెయినరు తలుపుకి వేసిన సీలు చెక్కుచెదరకుండా ఉండి, దాని నంబరు కాగితంలో నంబరుతో సరిపోతే, లోపల ఏముందని మేము తలుపు తెరవం. సీలు వేసినవాడి మాటే మాట. నాకు ఆ పాఠం చెప్పిందీ ఆవిడే.

శనివారం ఇంటర్వ్యూ అయింది. సోమవారం ఆవిడ ఆఫీసుకొచ్చింది. మధ్యాహ్నం దాకా మామూలుగా పని చేసి, ఒక కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఇందులో బరువు తేడా ఉంది, చూడండి" అంది. వెళ్లలేదు, అక్కడే నిలబడింది.

"ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. నా ఫారంలో ఎగుమతుల పని చూస్తున్నానని ఉంది, ఉత్తరంలో టైపిస్టని ఉంది. రెండు కాగితాలు కలవట్లేదమ్మా, ఏది నమ్మమంటావు అన్నారు. ఇలాంటివి నా బల్ల మీదికి వచ్చినా వెనక్కే పంపేదాన్నని చెప్పి లేచి వచ్చేశాను."

నేను తల దించుకుని ఆ కట్ట విప్పబోయాను.

"సీలు నువ్వేశావు కదా అని చూడలేదురా" అంది. గొంతు పెంచలేదు. వెళ్లి తన బల్ల దగ్గర కూర్చుంది. చెంప మీద కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ ఏడాది ఆవిడ నాతో పని మాటలే మాట్లాడింది, మళ్లీ మీరు అనే. క్షమించమని అడగడానికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఏదో కాగితం చేతిలో పెట్టి పంపేసింది.

మరుసటి ఏడు మళ్లీ పరీక్ష రాసింది. ఈసారి రెండో స్థానం. ఉత్తరం కోసం ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. నా తలుపు తట్టకుండా ఆవిడకు దారి లేదు, మేనేజరుని నేనే మరి. పెద్దాయన్ని అడగలేదు. ఆవిడ ఏమేం చూస్తుందో ఒక్కటీ వదలకుండా రాశాను. నాకు పని నేర్పింది ఆవిడేనని రాశాను. నిరుడు నేనిచ్చిన ఉత్తరం అబద్ధమని, భయంతో రాశానని కూడా రాశాను. పెద్దాయన చెవిన పడితే నా ఉద్యోగం ఉండదని తెలుసు.

కవరు అతికించబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "చదవండి."

చదివాను. చివరి వరస దాకా ఒక్కటీ వదల్లేదు. ఆవిడ కాగితం తీసుకుని, కిటికీ పక్కకి వెళ్లి, స్కేలు ఆనించి మొదటి నుంచి చదువుకుంది. తిరిగి వచ్చి నా ముందు పెట్టింది.

"సంతకం కింద తేదీ లేదు" అంది.

తేదీ వేశాను. జిగురు సీసా తన వైపు లాక్కుని, కవరు ఆవిడే అతికించుకుంది.