రెండేండ్లు ఆగమన్న ఉస్తాద్

శుక్రవారం పొద్దున బాపు ఫోన్ చేశాడు. మా నాన్న ఏండ్ల తరబడి లారీ నడిపిన మనిషి, ఫోన్‌లో కూడా ఇంజను చప్పుడును దాటేలా అరిచే మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి, "ఉస్తాద్ పోయిండురా. ఎల్లారెడ్డిల మట్టి ఇస్తరట. జుమా నమాజు కాంగనే లేపుతరు, జల్దీ రా" అన్నాడు. నేను నిజామాబాద్‌లో డ్రైవింగ్ నేర్పుతూ బతుకుతున్నాను. కారు తాళం తీసుకున్నాను కానీ, ఆ పూట నా నడపడాన్ని నేనే నమ్మలేకపోయాను. తాళం అక్కడే పెట్టేసి బస్సెక్కాను.

మీలో ఎనభైల మొదట్లో కామారెడ్డిలో మోటారు సైకిలు ఉన్నవాళ్లకు ఆయన్ని నేను పరిచయం చేయనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. స్టేషన్ రోడ్డులో రేకుల షెడ్డు, అదే ఆయన మెకానిక్ షాపు. ఆయన ఇల్లు ఎల్లారెడ్డిలో. రోజూ మొదటి బస్సుకు టిఫిన్ డబ్బాతో దిగేవాడు. ఇంజను నడుస్తుండగా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. దాన్ని ఆపి, అది పూర్తిగా నిమ్మళించాక, "ఆఁ, ఇప్పుడు చెప్పు" అనేవాడు. ఎంత తొందరలో వచ్చినవాడైనా ఆగాల్సిందే. నాకు ఆ ఆగడమే గిట్టేది కాదు.

ఆయనకు ఇంకో అలవాటుండేది. ఎవరు బండి నడిపి తెచ్చినా, ఎలా ఉందని అడగడానికి ముందే వంగి, ముందు చక్రం బ్రేకు డ్రమ్ము మీద ఒకసారి, వెనక డ్రమ్ము మీద ఒకసారి అరచెయ్యి పెట్టేవాడు. గట్టిగా పట్టిన బ్రేకు డ్రమ్ము కాలుతుంది కాబట్టి, వాడెలా నడిపాడో ఆయనకు తెలిసిపోయేది. మట్టి మీద ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం జారి మనిషి పడతాడు. తెలిసినవాడు ముందే చూసుకుని వెనక బ్రేకుతో వేగం తగ్గిస్తాడు. చివరి క్షణంలో గుండె జారినవాడే ముందుది పట్టేస్తాడు. "భయం ముందుగాల రావాలె బేటా," అనేవాడు ఉస్తాద్. "ఎనుక వస్తే అది భయం గాదు, దెబ్బ."

నాకు పద్నాలుగేండ్లప్పుడు బాపు పాత జావా బండి కొన్నాడు. దాన్ని విప్పి బిగించింది ఉస్తాదే, నాకు నేర్పిందీ ఆయనే. ఎండాకాలం నిజాంసాగర్ నీళ్లు వెనక్కి తగ్గితే బయటపడే ఒండ్రు నేలలో నాలుగు రాళ్లు పాతి వాటి చుట్టూ తిప్పించేవాడు. రెండేండ్లలో మా వైపు నాతో సమానంగా తిప్పగలవాడు లేకుండా పోయాడు. గొప్ప కోసం చెప్పడం లేదు, అది నిజం. నేను బ్రేకు ఆలస్యంగా పట్టేవాణ్ణి, అదే నా రహస్యం. నా ముందు డ్రమ్ము మీద చెయ్యి పెట్టి ఉస్తాద్ ప్రతిసారీ చురుక్కున తీసేసేవాడు.

అప్పుడు హైదరాబాద్‌లో పెద్ద రేసు పడింది. మట్టి ట్రాకు. మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి పేరున్నవాళ్లు వస్తున్నారు. పద్దెనిమిదేండ్లు నిండాలని షరతు. నాకు పదహారు. కానీ కాగితంలో పద్దెనిమిది. మా కాలంలో బడిలో వేసేటప్పుడు తలమీదుగా చెయ్యి వేసి అవతలి చెవి అందుకుంటే బడి ఈడు వచ్చినట్టే. నా చేతులు పొడుగు కావడంతో నాలుగేండ్లకే అందింది. పెద్దసారు ఆరేండ్లని రాసుకున్నాడు. ఇంటిల్లిపాదీ ఆ సంగతి మరిచేపోయాం.

బాపు ఫారం నింపి ఉస్తాద్‌కు చూపించడానికి తెచ్చాడు. ఉస్తాద్ ఇంజను ఆపాడు. ఫారం చదివాడు.

"వీడు పుట్టిన్నాడు నీ లారీ తాడ్వాయి కాడ ఆగింది. క్లచ్ ప్లేటు నేనే ఎక్కించిన. అప్పుడే షాపు తెరిచిన. షాపుకు పదహారేండ్లు. వీడికి పద్దెనిమిది ఎట్లయితయ్?"

"కాగితం గట్ల చెప్తున్నది ఉస్తాద్. చేతులు లేతగ ఉన్నప్పుడే పని పడ్తది. ఇరవై దాటినంక ఏం నేర్స్తడు?"

"నేర్వనీ. నేర్సుడు వద్దంటలేను. పెద్దోళ్ల నడుమ దింపకు అంటున్న. రెండేండ్లు ఆగు."

నేను మధ్యలో దూరాను. "నువ్వు రేసులు తొక్కలేదా ఉస్తాద్? చిన్నప్పుడే తొక్కినవంట గద!"

"తొక్కిన. పదిహేడుకే తొక్కిన. బతికిన గాబట్టి ఇయ్యాల చెప్తున్న. బతకనోడు వచ్చి చెప్తడా?"

ఆయనకు నా మీద అసూయ అనుకున్నాను. పదహారేండ్లవాడికి అంతకంటే మంచి కారణం ఏం తోస్తుంది? మేం ఆయనకు చెప్పకుండానే బండిని బాపు లారీలో ఎక్కించుకుని హైదరాబాద్ పోయాం.

రేసుకు ముందు ట్రాకు అలవాటు కావడానికి ఐదు చుట్లు తిరగనిచ్చారు. రెండో మలుపు లోపలికి వంగి ఉంది. నాలుగో చుట్టులో అక్కడ ముందు చక్రం కాస్త పక్కకు జరిగి, మళ్లీ పట్టు దొరికింది. నాకు నవ్వొచ్చింది. బయటికొచ్చి హెల్మెట్ తీస్తుంటే, జనం మధ్య నుంచి టిఫిన్ డబ్బా పట్టుకుని ఉస్తాద్ వస్తున్నాడు. పొద్దున రైలుకు దిగి, దారి అడుక్కుంటూ నడిచి వచ్చాడట. నావైపు చూడలేదు. నేరుగా అధికారుల బల్ల దగ్గరికి పోయాడు. హెల్మెట్ బండి మీద పెట్టి నేనూ బాపూ వెంట పోయాం.

"సార్, ఆ పదకొండో నంబరు పోరనికి పదహారేండ్లే."

"మీరెవరు?"

"వాని ఉస్తాద్‌ను."

అధికారి ఫైలు తిరగేసి, బడి సర్టిఫికెట్ తీసి చూపించాడు. "కాగితం సరిగ్గా ఉంది పెద్దాయనా. ఇంకో పావుగంటలో రేసు మొదలవుతుంది. తండ్రి ఉన్నాడు కదా, ఆయన్ని చెప్పమనండి."

అందరూ బాపు వైపు తిరిగారు. బాపు నేల చూస్తున్నాడు. నేను బాపు చెయ్యి పట్టుకుని, "చెప్పు బాపూ, పద్దెనిమిదని చెప్పు" అన్నాను. 

ఉస్తాద్ గొంతు పెంచలేదు. బాపును పేరు పెట్టి కూడా పిలవలేదు. "అన్నా, ఒక్కసారి బండి కాడికి రా. వెనక డ్రమ్ము ముట్టు" అన్నాడు. బాపు ముట్టాడు. గోరువెచ్చగా ఉంది. "ఇగ ముందుది ముట్టు." బాపు ముట్టి, చెయ్యి విదిలించుకున్నాడు.

చూస్తున్నవాళ్లలో ఒకాయన నవ్వాడు. "రేసు బండి కాలక చల్లగుంటదా?" కానీ బాపు నవ్వలేదు. ఘాట్లు దిగిన లారీ డ్రైవరుకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ చెయ్యిని పంచెకు తుడుచుకుంటూ బల్ల దగ్గరికి నడిచి, "పదహారే సార్" అన్నాడు. నా పేరు మీద గీత పడింది.

ఉస్తాద్ మాటే నిజమైందని, ఆ రోజు రెండో మలుపులో ఘోరం జరిగిందని మీరు అనుకుంటూ ఉండొచ్చు. అలాంటిదేం జరగలేదు. ఒక్కడూ పడలేదు. నాకంటే లేతగా కనిపించిన నగరం పిల్లవాడు మూడో స్థానంలో వచ్చి, జనం భుజాల మీద ఊరేగాడు. నేను లారీ చక్రం పక్కన కూర్చుని అదంతా చూశాను. ఉస్తాద్ డబ్బాలోని రొట్టె నా ముందు పెడితే తోసేశాను.

"చూసినవా? ఎవ్వరు పడలె! నా బతుకు ఆగం చేసినవ్."

"పడకపోవుడు మంచిదే బేటా," అన్నాడు. "పడకపోయినా నేనైతే చెప్పేటోన్నే."

రెండేండ్లు ఆయన షెడ్డు ముందు నుంచి తల తిప్పుకుని పోయాను. పిలిస్తే పలకలేదు. బజారులో ఆయన గురించి అనరాని మాటలన్నాను. అవి ఆయన చెవిన పడ్డాయని నాకు తెలుసు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

తర్వాత ఒక పొద్దున ఆయనే మా వాకిట్లో నిలబడ్డాడు. "షాపుకు పద్దెనిమిది నిండినయ్. బండి బయటికి తియ్." అంతే, వేరే పలకరింపు లేదు. నెల రోజులు షెడ్డు మూసి నాతోనే ఉన్నాడు. రేసు మళ్లీ అదే ట్రాకు మీద. ఈసారి ఒక్కో మలుపుకు ముందు భయం వేళకు వచ్చి కూర్చుంది. నేను ముందే బ్రేకు మీద కాలు వేశాను. ఏడో స్థానంలో వచ్చాను. ఆ తర్వాత మూడేండ్లు తొక్కినా నాలుగుకు పైకి పోలేదు. పదహారులో ఉన్న ఆ దూకుడు మళ్లీ నా ఒంట్లోకి రాలేదు.

ఒకసారి అడిగేశాను. "అప్పుడే తొక్కితే గెలుస్తుంటినా ఉస్తాద్?"

ఆయన స్పానరు పక్కన పెట్టాడు. "గెలుస్తుంటివేమో." మళ్లీ స్పానరు అందుకుంటూ, "గెలవవని అన్ననా నేను?" అన్నాడు.

పేపర్లో కుర్ర రేసర్ల ఫోటోలు వస్తుంటాయి. మీసాలు రాని ముఖాలు, మెడలో దండలు. చిన్నప్పుడే దించకపోతే పైకి రారనేది అబద్ధమేం కాదు, నా బతుకే అందుకు సాక్ష్యం. వాళ్లను చూస్తే ఇప్పటికీ నాకు కడుపులో మంట పుడుతుంది. ఆ వెంటనే వాళ్ల ఉస్తాద్‌లు ఎవరా అని దిగులు పుడుతుంది. ఏది సరైందో నాకు తేలలేదు. నన్ను గెలిపించాలని చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఇంటికి తిరిగి రావాలని కోరి, నాతో తిట్లు తిన్నది ఆయనొక్కడే. ఆ మాట ఆయనకు ఎదురుగా చెప్పలేదు. ఈ రంజానుకు పోయి చెబుదామనుకుంటూ వచ్చాను.

ఎల్లారెడ్డిలో దిగేసరికి నమాజు అయిపోయింది. ఆయన్ని మోస్తున్న జనాజా వీధిలోకి వచ్చేసింది. మసీదు గోడ పక్కన బాపు నిలబడి ఉన్నాడు, నన్ను ముందుకు తోశాడు. ఎవరో జరిగి చోటిస్తే భుజం పెట్టాను. చాలా తేలిక. జనాజాను ఆలస్యం చేయకూడదని వాళ్ల పద్ధతి. పది అడుగులకొకరు భుజం మారుస్తూ, దాదాపు పరుగులా తీసుకుపోతారు. నేను నడక తగ్గించాను. వెనక నుంచి ఆయన అల్లుడు, "అన్నా, జల్దీ నడువు. ఆగొద్దు" అన్నాడు.

కబరస్తాన్ గేటు కనబడుతోంది. ఇంకొంచెం ఆగుదామని అడగాలనిపించింది. ఆ మాట నోటి దాకా వచ్చింది కానీ, అప్పటికే నా భుజం మీది బరువును ఇంకొకరు అందుకున్నారు. ఎర్రమట్టి దుమ్ములో ఆయన నాకంటే ముందు వెళ్లిపోయాడు.