బామ్మర్ది ఫొటోలో నా చొక్కా

మా బామ్మర్దికి కారు తోలడం నేర్పింది నేనే. హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుదామని ఇద్దరం ఒకే రోజు వికారాబాద్ నెట్ సెంటర్‌కు వెళ్లి, క్యాబ్ యాప్‌లో లైసెన్సు, పోలీసు సర్టిఫికెట్, ఫొటో పెట్టాం. ఈ రోజు వాడికి ఓకే వచ్చింది. నాది మాత్రం తలకు రుమాలు ఉందని ఫొటో దగ్గరే ఆగింది. గొర్ల కాడికైనా పెళ్లికైనా రుమాలు చుట్టనిదే కదలని ఇల్లు మాది!

వాడు మురిసిపోతూ తన ఫొటో చూపించాడు. ఫోన్ గుంజుకుని దగ్గరగా చూశాను.

“గది నా అంగి కదరా! ఇచ్చెయ్యి.”

“జర ఆగు బావా. బండి తీసే ముందు యాప్‌ల రోజూ మొఖం ఫొటో అడుగుతరంట. గీ అంగి కలిసొచ్చింది, ఉండనియ్యి.”

మా ఇంటి నుంచి క్యాబ్‌కు సెలెక్టయింది నా చొక్కా ఒక్కటే. రేపు రుమాలు తీసి నేనేం తొడుక్కుని మళ్లీ ఫొటో దిగాలో మీరే చెప్పండి.