నలభై సాయంత్రాల సున్నా

పరుశురాం ఒకచోట నిలబడి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. మాట మధ్యలో రెండడుగులు ముందుకు, మళ్లీ వెనక్కి. చేతులు ఊరికే ఉండవు. పద్దెనిమిదేళ్లప్పుడు సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, ముప్ఫై ఏళ్లుగా కరెంటు మగ్గాల మధ్యే తిరుగుతున్నాడు. వాళ్ల మాటలో అవి సాంచాలు. ఇక్కడి లింబాయత్ పేటలో ఒక కార్ఖానాలో అరవై సాంచాలకు ఆయన మేస్త్రీ. ఏది ఎక్కడ చెడిందో చప్పుడు విని చెప్పేస్తాడని పేరు. ఆ పేరు మీదే కూలీ నుంచి మేస్త్రీ అయ్యాడు.

అందుకే ఆయన్ని మా ప్రాజెక్టుకు నేనే ఏరికోరి తెచ్చుకున్నాను. నా పేరు ఇందుజ. రైల్వే ఉద్యోగి కూతుర్ని, ఇక్కడే కాలేజీలో పరిశోధన సహాయకురాలిని. ఈ ఊరి రొదలో పురుగులు ఎక్కడెక్కడ బతికున్నాయో తెలుసుకోవాలి, ఆ లెక్క ఆ వీధుల్లో ఉండేవాళ్లే తీయాలి, ఇదీ మా ప్రొఫెసర్ పంతం. పని తేలికే. రోజూ దీపాలు పెట్టే వేళ ఖాడీ, అంటే పేట పక్కన పారే మురుగు వాగు, దాని గట్టున పొదల దగ్గర పది నిమిషాలు నిలబడాలి. ఎన్ని కీచురాళ్లు అరుస్తున్నాయో పుస్తకంలో రాయాలి.

నలభై రోజుల తర్వాత పుస్తకం తెచ్చిచ్చాడు. నలభై సున్నాలు.

నాకు ఒళ్లు మండింది. పక్క పేట నవాగామ్‌లో లెక్క తీసిన కాలేజీ అమ్మాయి రుచిత రోజుకు ఏడో ఎనిమిదో రాసింది. ఈయన ఇంట్లో కూర్చుని సున్నాలు చుట్టి ఉంటాడనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా? ఇంటికి వెళ్లి, ఆయన భార్య మంగ ఎదుటే అడిగేశాను.

“మీరసలు అక్కడికి వెళ్లారా, పరుశురాం గారూ?”

ఆయన ముఖం మాడిపోయింది. “దొంగలెక్క రాస్తనా నేను? నడు, ఇప్పుడే పోదాం. నీ కండ్ల ముంగట్నే రాస్త.” చెప్పులు సరిగా తొడుక్కోకుండానే బయల్దేరాడు.

వెనకే దాదాపు పరుగెత్తాను. పొదల దగ్గరికి చేరేసరికి కీచురాళ్లు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. పరుశురాం గడియారం చూసుకున్నాడు. తల ఒకపక్కకు వంచి, ఊపిరి బిగబట్టి, ఎంతో శ్రద్ధగా విన్నాడు. పది నిమిషాలూ కదల్లేదు. తర్వాత పెన్ను తీసి సున్నా చుట్టాడు.

“సూసినవా?” అన్నాడు.

నా ముఖంలో ఏం కనబడిందో ఏమో, పొదల వైపు ఓసారి, నా వైపు ఓసారి చూశాడు.

“ఉన్నయా?”

“ఉన్నాయండీ. చాలా ఉన్నాయి.”

“నా చెవులల్ల ఎప్పుడూ గుయ్యిమంటనే ఉంటది బిడ్డా. గది నా మోతే అనుకొని ఇడిసిపెట్టిన.” గట్టు మీద అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. “చప్పుడు ఇని పట్టుడు బంద్ చేసి శాన ఏండ్లాయె. సాంచా మీద అరచెయ్యి పెట్టి అదురుతోని పట్టుకుంటున్న. ఎవ్వరికి తెల్వదు, మంగకు గూడ. కార్ఖానా సేఠ్‌కు తెలిస్తే మేస్త్రీ పని పోతది.”

సిగ్గుతో చచ్చిపోయాను. పుస్తకం వానకు తడిసి పాడైందని రాసేస్తాను, ఎవరికీ చెప్పను అన్నాను. వారం రోజులు ఆయన నుంచి ఫోన్ల మీద ఫోన్లు. రాసేసినవా? రాసెయ్యి. వద్దు, జర ఆగు. నాకూ స్థిమితం లేదు, ఏ పనీ ముందుకు సాగలేదు.

లెక్కలు చదివే రోజున పద్మశాలి సంఘం హాలు నిండింది. ముందు వరసలో సేఠ్ కూర్చున్నాడు. నేను రాసిచ్చినట్టే లింబాయత్ పుస్తకం పాడైందని మా ప్రొఫెసర్ అనగానే పరుశురాం లేచాడు.

“పాడు కాలే. పుస్తకం మంచిగనే ఉన్నది. ఖాడీ కాడ కీచురాళ్లున్నయి, నాకే ఇనవడ్తలేవు. నలభై దినాలు నిలవడ్డ. పోలేదని మాత్రం ఎవ్వరనొద్దు.”

సేఠ్‌కు కూడా అర్థం కావాలని అదే మాట హిందీలో మళ్లీ చెప్పాడు. సేఠ్ వెనక్కి తిరిగి ఆయన్ని ఎగాదిగా చూశాడు. మంగ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. “నన్నొక్కన్నే సూసుడెందుకు, ఇనవడ్తదా అని అందర్ని అడుగుండ్రి” అన్నాడు.

ఖాడీ దగ్గర రికార్డు చేసిన అరుపుల్ని ప్రొఫెసర్ స్పీకర్‌లో పెట్టి, వినబడినవాళ్లు చెయ్యెత్తమన్నారు. పిల్లలు ఎత్తారు. ఆడవాళ్లు ఎత్తారు. సాంచాలు నడిపే మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హాలంతా మోగిపోతోంది. వాళ్లలో పెద్దవాడు సోమలింగం విసుక్కున్నాడు.

“ఇంక షురూ చెయ్యరేంది సార్?”

పిల్లలు పకపకా నవ్వారు. వాళ్లమ్మలు గదిమారు. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. ఏళ్ల తరబడి సాంచాల మోతలో నలిగిన వీళ్ల చెవులు చూడాలని ఒక్కరికీ తోచలేదు, మేం కూడా పురుగుల కోసమే వచ్చాం.

ఇప్పుడు మా ప్రాజెక్టులో చెవుల డాక్టరు కూడా ఉన్నారు. రిపోర్టులో పరుశురాం సున్నాలన్నీ ఆయన పేరుతోనే ఉన్నాయి. మేస్త్రీ పని కూడా ఆయనకే మిగిలింది. సేఠ్ ఆయన్ని తీసేసి ఇంకొకర్ని పెట్టుకుందామంటే, ఆ హాల్లో చెయ్యెత్తిన సాంచా మనిషి ఒక్కడూ లేడు.