వణికిన లారీ

మొన్న బస్సులో కాలిన బ్రేకు వాసన రాగానే కోదాడ దారి గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఆరేళ్లు. నొప్పులు పడుతున్న అమ్మను నాన్న తను నడిపే లారీలో సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్తున్నాడు. వెనక బ్రేకులు ముందురోజే మార్చాడు. బ్రేకు తొక్కినప్పుడల్లా లారీ వణికేది. అమ్మను చూసి అదీ భయపడుతోందనుకున్నాను.

నాన్న లారీ ఆపాడు.

"ఆపకు, నాతోని అయితలేదు," అంది అమ్మ.

"జర ఓర్సుకో. గిట్లనే పోతే బండి పల్టీ కొడ్తది," అన్నాడు నాన్న.

వెనక చక్రం విప్పి బ్రేకు డ్రమ్ము తీశాడు. అది కూర్చునే చోట తుప్పు పెచ్చు కట్టి, డ్రమ్మును వంకరగా నిలబెట్టింది. అమ్మ మూలుగుతున్నా తలెత్తకుండా దాన్ని గీకి, మళ్లీ బిగించాడు.

లారీ వణకడం మానింది. స్టీరింగు మీద నాన్న చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి. లారీ వణుకే ఆయనకు అంటుకుందనుకున్నాను.

దవాఖానలో తమ్ముడు క్షేమంగా పుట్టాడు. చక్రం దగ్గర ఆ అరగంట నాన్న ఎలా గడిపాడో, నా కూతురి కాన్పునాడు తలుపు బయట కూర్చున్నప్పుడు గానీ నాకు తెలియలేదు.