పాపయ్య పోని పగడాల దీవి

కొమరోలులో ఎరువుల దుకాణం పాపయ్యకు ఒంట్లో నలతగా ఉందంటే ఆ సంగతి బజారంతటికీ తెలియాల్సిందే. జలుబు చేస్తే చాలు, తలకు తువ్వాలు చుట్టుకుని దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూచుంటాడు. పురుగుమందు కోసం వచ్చిన రైతు ముందు ఆయన దగ్గు వినాలి, ఆ తర్వాతే తన చేనికి పట్టిన తెగులు చెప్పుకోవాలి. అలాంటి మనిషి అండమాన్ దీవుల్లో, తెల్లారకముందు నుంచీ కడుపు గుడగుడలాడుతున్నా కిక్కురుమనకుండా ఉన్నాడంటే నమ్ముతారా? నమ్మాలి మరి, ఉన్నాడు.

కారణం ఆయన భార్య వెంకటరత్నమ్మ. పెళ్లయినప్పటి నుంచి ఆమె ఏ ఊరు చూడబోయినా మధ్యలో ఈ మహానుభావుడు మంచమెక్కేవాడు. శ్రీశైలం పోతే జ్వరం, మహానంది పోతే వాంతులు. అందరూ గుడికి పోతే ఆమె సత్రం గదిలో ఈయన నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూచునేది. "నువ్వు పోయి రావే" అని ఈయన మూలుగుతూనే అనేవాడు. ఆ మూలుగు విన్నాక ఏ ఆడది గడప దాటుతుంది?

ఈ ఏడాది పురుగుమందుల కంపెనీవాళ్లు సరుకు బాగా అమ్మిన దుకాణదారులను భార్యలతో సహా దీవులకు తీసుకొచ్చారు. రాత్రి విందులో రొయ్యలు ఊరికే వస్తున్నాయి కదా అని పాపయ్య ఒళ్లు తెలియకుండా తిన్నాడు. తిన్నది కడుపులో ఇమడక, ఆమె నిద్ర లేవకుండా పొట్ట పట్టుకుని తెల్లారేదాకా మంచానికీ బాత్రూంకీ మధ్య తిరిగాడు. తెల్లారితే పగడాల దీవికి ప్రయాణం. పడవ అడుగున అద్దం ఉంటుందని, కింద చేపలు తిరుగుతుంటే కూచున్నచోటి నుంచే చూడొచ్చని వెంకటరత్నమ్మ ఊళ్లో కనపడినవాళ్లందరికీ చెప్పి వచ్చింది. ఈసారి మాత్రం ఆమె చూడాల్సిందేనని పాపయ్య పళ్లు బిగించాడు.

రేవులో పాపయ్య, కంపెనీ కుర్రాడు మోహన్‌కృష్ణను పక్కకు పిలిచాడు. "పడవలో బాత్రూం ఉందా నాయనా?"

"లేదు బాబాయ్. ఎక్కినామంటే మళ్లీ ఇక్కడికొచ్చేదాకా అంతే."

పాపయ్యకు చెమటలు పట్టాయి. ఎక్కితే అంతమందిలో పరువు గంగలో కలుస్తుంది. ఎక్కకపోతే ఆమె కూడా ఆగిపోయి ఈయన పక్కనే కూలబడుతుంది. ఒంట్లో బాగలేదంటే ఆమె కదలదు. కదలాలంటే కోపం రావాలి. కోపం తెప్పించడానికి పుట్టింటి మాట ఎత్తితే చాలు, ఆ పూటంతా మొగుడి ముఖం చూడదు.

ఆమె అప్పటికే నీళ్లను చూసి చిన్నపిల్లలా కేకలేస్తోంది. పాపయ్య గొంతు పెంచాడు. "ఏందే ఆ అరుపులు? మీ ముండ్లమూరోళ్లంతా ఇంతే, నలుగుర్లో ఎట్ల మెలగాల్నో తెలీదు. మీ నాయన మన పెళ్లిలో మైకు పట్టుకొని అరిచినాడే, అట్లనే ఉంది!"

అందరూ తిరిగి చూశారు. వెంకటరత్నమ్మ ముఖం జేవురించింది. "పోయినోడిని ఆడిపోసుకుంటావా? నీ పక్కన కూచుంటే ఒట్టు!" అని కురిచేడు దుకాణదారు భార్య విజయ చెయ్యి పట్టుకుని చరచరా పడవెక్కేసింది.

"అయితే నేను రానే రాను, పో!" అని పాపయ్య అరిచి, పడవ కదలగానే బాత్రూంకి పరుగెత్తాడు.

కాసేపు తనను తాను మెచ్చుకున్నాడు. ఎంత త్యాగం! ఊళ్లో ఏ మొగుడు చేశాడు ఇట్లా? ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. బెంచీ మీద కూచుందామంటే కడుపు కూచోనివ్వడం లేదు. బాత్రూం కాపలాదారు ఈయన్ను దూరం నుంచి చూసే తలుపు తీసి పెడుతున్నాడు. గాలి హోరుమంది. పడవకు ఏమన్నా అయితే? తాను ఆమెతో అన్న ఆఖరి మాట చచ్చిన మామగారి మైకు గురించా? ఛీ, ఏం నోరు ఇది! కోపంతో ఆమె అసలు చేపలు చూసిందో లేదో. ఏడుస్తూ కూచుందేమో. కొబ్బరిబోండాం తాగబోయి సగంలో వదిలేశాడు. రేవు చివరికి పోతాడు, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తాడు, కడుపు పట్టుకుని వెనక్కి పరుగెత్తుతాడు.

పడవ వచ్చింది. వెంకటరత్నమ్మ దిగింది. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి, జుట్టంతా రేగిపోయి ఉంది. ముఖం వెలిగిపోతోంది. నేరుగా ఈయన దగ్గరకొచ్చి నుదురు తాకి చూసింది.

"ఎన్నిసార్లు పోయినావు?"

పాపయ్య తెల్లబోయాడు. "నీకెట్ల తెలుసు?"

"పొద్దున కాఫీ వద్దన్నావు కదా. అప్పుడే తెలిసింది."

"తెలిసి కూడా పోతివా?"

"పోయినా." ఆమె తడిసిన కుచ్చిళ్లు పిండుకుంది. "అడిగితే కూచోవాల్సి వస్తుందని అడగలా. శ్రీశైలంలో కూచున్నా, మహానందిలో కూచున్నా. ఈ పొద్దు కూచోబుద్ధి కాలేదయ్యా. మా నాయనను అన్నావే, ఆ కోపం పట్టుకొని ఎక్కేసినా. కొంచెంసేపు నీ ముఖమే కళ్లల్లో మెదిలింది. తర్వాత చేపలు కనపడినాయి. నిన్ను మర్చేపోయినా."

పాపయ్య పొద్దుటి నుంచి మోస్తున్న త్యాగమంతా ఒక్క మాటతో పోయింది. కోపం తెచ్చుకుందామనుకున్నాడు, రాలేదు. ఇన్నేళ్లలో ఆమె తనను మర్చిపోయింది ఈ ఒక్క పూటే కదా అనిపించింది. సిగ్గేసింది. ఏదో అనబోయాడు గానీ కడుపు ఆగనివ్వలేదు. బాత్రూంలోకి పరుగెత్తి తలుపు వేసుకున్నాడు.

కాసేపటికి లోపలి నుంచి నీరసంగా వినిపించింది. "ఎట్లుండినాయే, చేపలు?"

వెంకటరత్నమ్మ తలుపుకు ఆనుకుని నిలబడింది. మొదటి చేప పసుప్పచ్చది. దాని వెనకాల నీలంవి, లెక్కలేనన్ని. పగడాలు కొన్ని బ్రతికి ఉన్నాయట, కొన్ని చచ్చి తెల్లబడ్డాయట. ఒక తాబేలు అద్దం కిందికొచ్చి ఆమెనే చూసిందట. చెబుతూ చెబుతూ ఆగింది.

"ఊ కొట్టవేందయ్యా? వింటాండావా?"

"ఊఁ," అన్నాడు పాపయ్య లోపలి నుంచి. "ఆ తాబేలు ఏం చేసింది?"