చేతులు అడ్డం పెట్టిన అత్త

అత్త పోయిందని ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను పురసవాక్కంలో, నేను పనిచేసే బట్టల కొట్లో చీరలు మడతపెడుతున్నాను. "ఇదో మే, పొద్దున కాఫీ తాగింది. కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. నువ్వు రా" అన్నాడు.

ఎన్నూరులో మా పక్కిల్లు ఆమెది. మాకు చుట్టరికం లేదు, వీధిలో అందరికీ ఆమె అత్తే. మా రాష్ట్రం తరఫున ఫుట్‌బాల్‌లో గోల్‌కీపరుగా నిలబడ్డ మొదటి ఆడవాళ్ళలో ఆమె ఒకతె అని ఆ వీధిలోనే సగం మందికి తెలియదు.

స్నానం చేయించినవాళ్ళలో నేనూ ఉన్నాను. బంతులు ఆపి ఆపి కుడిచేతి రెండు వేళ్ళు వంకరగా ఉండిపోయాయి. నిఠారుగా పెడదామని చూశాను, రాలేదు. వీపు మీద సన్నటి తెల్లగీతలు. ఏ దెబ్బ ఎవరు కొట్టిందో నాకు తెలుసు. ఎడమ మణికట్టు మీదది మాత్రం నా వల్ల తగిలింది.

వీపు మీదవి ఆమె అన్న కొట్టినవి. అత్తకు పదహారేళ్ళప్పుడు, చెల్లెలు నిక్కరు వేసుకుని మొగపిల్లలతో బంతి ఆడుతోందని ఎవరో చెప్తే, అతను గ్రౌండు నుంచి ఇంటిదాకా జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడట. సైకిల్ చైనుతో కొట్టాడు. బూట్లు పొయ్యిలో పెట్టాడు. మర్నాడు సాయంత్రం అత్త వట్టి కాళ్ళతో వెళ్ళి గోల్‌లో నిలబడింది.

"నొప్పెట్టలేదా అత్తా?" అని చిన్నప్పుడు నేను అడిగాను.

"పెట్టింది. ఆడ ఇంట్లో కూర్చున్నా నొప్పే గదా. ఈడ నిలబడితే బంతినన్నా పట్టుకోవచ్చు."

తర్వాత వేరే రాష్ట్రంలో ఒక సెమీఫైనల్. దొర్లుతున్న బంతి మీద అత్త పడింది, ఎదుటి జట్టు పిల్ల బూటు ఆమె నోటి మీద దిగింది. మూడు పళ్ళు ఊడాయి. వాటిని మేనేజరు చేతిలో పెట్టి, నోట్లో గుడ్డ కుక్కుకుని చివరిదాకా ఆడింది. జట్టులో ఇంకో కీపరు లేదు. గెలిచినందుకు జనం రాళ్ళు విసిరితే, అందరూ బస్సులో సీట్ల కింద పడుకుని రైల్వేస్టేషను చేరారు. ఈ సంగతి చెప్పేటప్పుడల్లా అత్త పెట్టుడు పళ్ళు తీసి చూపించి పిల్లల్ని భయపెట్టేది.

నన్ను కీపర్ని చేసింది ఆమే. ముద్దు చేసి కాదు. థర్మల్ కరెంటు స్టేషను గోడ వెనక మైదానంలో దగ్గర్నుంచి ముఖం మీదకే బంతి తన్నేది. నా ముక్కు పగిలి నెత్తురు కారిన రోజు కూడా ఆపలేదు. "కళ్ళు మూసినావంటే సచ్చినావు. కొట్టేవాళ్ళ కాలు చూడు" అనేది. ఒకసారి మూశానని చెంప పగలగొట్టింది. అది తప్పని ఇవాళ్టికీ అనుకుంటాను. కొట్టకుండా ఎలా నేర్పాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

పెళ్ళితో నా ఆట పోయింది. మాధవరంలో కాపురం. మా ఆయన తాగితే కొట్టేవాడు, తాగకపోయినా కొట్టేవాడు. పుట్టింట్లో సర్దుకోమన్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త బిర్యానీ డబ్బా పట్టుకుని నన్ను చూడవచ్చింది. అప్పటికే నేను వంటింట్లో నేల మీద పడి ఉన్నాను. అతను ఇనప రాడ్డు నా తలకేసి ఎత్తాడు. అత్త డబ్బా వదిలేసి మా మధ్యకు దూకింది, చేతులు రెండూ ముందుకు చాచి. రాడ్డు ఆమె మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. మరుక్షణం ఆమె రెండో చేత్తో రాడ్డు ఒడిసిపట్టింది. అతను గుంజాడు, కడుపులో తన్నాడు.

"తన్నరా. నీకంటే గట్టిగా తన్నినోళ్ళని చూసినా" అంది. నావైపు తిరక్కుండానే, "లేయ్ మే! తలుపు తీసుండాది. పో!" అని అరిచింది.

పోయాను. ఇరుగుపొరుగు వచ్చి అతన్ని పట్టుకునేదాకా ఆమె పిడికిలి వదల్లేదు. తర్వాత కట్టుతోనే కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పింది. అతనికి శిక్ష పడింది. అత్త మణికట్టు మాత్రం సరిగా అతకలేదు. మళ్ళీ గోల్‌లో నిలబడలేదు, కుర్చీలో కూర్చునే పిల్లలకు నేర్పింది. ఒకసారి ఆ చెయ్యి చూసి ఆమె ముందు ఏడ్చాను.

"ఏడవద్దు. నువ్వు బయటికి పోయినావు గదా. సెరి, అంతే" అంది.

అంత్యక్రియల రోజు ఆమె దగ్గర ఆట నేర్చుకుంటున్న ఆడపిల్లలు ప్రాక్టీసు నుంచి నేరుగా వచ్చారు. పాడె మేమే మోస్తామన్నారు. ఆడపిల్లలు మోయకూడదని ఒక పెద్దమనిషి ఒక పిల్లను భుజం పట్టి లాగాడు. ఆ పిల్ల ఒక్క తోపు తోసింది. అతను గోడకు కొట్టుకుని కూలబడ్డాడు. మళ్ళీ ఎవరూ అడ్డు రాలేదు.

సముద్రం పక్క రోడ్డు మీద లారీలు ఆగాయి. నలుగురు పిల్లలు పాడె ఎత్తుకుని నడిచారు, నేను వెనక నడిచాను. లారీల నుంచి రాలి రోడ్డంతా పరుచుకున్న నల్లటి బొగ్గుదుమ్ములో వాళ్ళ బూట్ల కింది బొడిపెల గుర్తులు ఒకదాని వెంట ఒకటి పడుతూ పోయాయి.