ఎడమ వైపు ఆఖరి పన్ను

"మళ్ళీ కొలత తీసి పంపమని ఒక్క ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయింది బాబాయ్?"

"అక్కర్లేదనిపించింది."

"ఎవరికి అక్కర్లేదు? ఆ అమ్మాయికి దవడ పట్టేసింది. నాలుగు రోజుల నుంచి స్ట్రాతో తాగి బతుకుతోంది. డాక్టరు ఫోన్లో నన్ను ఉతికి ఆరేశాడు. నీ చేతి పని తిరిగొచ్చిందంటే నేనెవరికి చెప్పుకోను?"

చెక్క పార్టిషన్‌కి ఇవతల నా బల్ల దగ్గర కూర్చుని అంతా వింటున్నాను. వినకూడదని కూడా అనుకోలేదు. మా ల్యాబులో గోడలు పేరుకే. ఒక గదిలో తుమ్మితే పక్క గదిలో ప్లాస్టర్ పొడి లేస్తుంది.

కేకలేస్తున్నది మా యజమానురాలు. ఈ పళ్ళ ల్యాబు వాళ్ళ నాన్న పెట్టింది. తిట్లు తింటున్నది దవడ మాస్టారు. ఆమె గౌన్లు తొడుక్కునే వయసు నుంచీ ఆయన ఇక్కడే పని చేస్తున్నాడు కాబట్టి బాబాయ్ అంటుంది, తిట్టేటప్పుడు కూడా. ఆయన ఎందుకు ఫోన్ చెయ్యలేదో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆ నోరు ఆయన కూతురిది.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. చెవికి ముందర, కింది దవడ తలకి అతికే చోట ఒక కీలు ఉంటుంది. దెబ్బ తగిలినా, నిద్రలో పళ్ళు కొరికే అలవాటున్నా అది పాడవుతుంది. పాడయిందంటే ఆవలింత వచ్చినా భయమే. అలాంటివాళ్ళ కోసం పళ్ళ మీద తొడుక్కునే గట్టి తొడుగు చేస్తాం, గాజులా పారదర్శకంగా. స్ప్లింట్ అంటారు. అది పళ్ళకి పళ్ళు తగలకుండా అడ్డం ఉండి, బిగుసుకున్న దవడని కాస్త వదులు చేస్తుంది. డాక్టరు నోట్లో ట్రే పెట్టి మెత్తటి ముద్దలో పళ్ళ అచ్చు తీసి పంపుతాడు. మేం దాంట్లో ప్లాస్టర్ పోసి మోడల్ తీస్తాం. ఆ మోడల్ మీదే తొడుగు తయారవుతుంది. మాకు మనిషి కనబడడు. ఒక నంబరు, వయసు, ఆడో మగో, జబ్బు వివరం ఉన్న చీటీ ఒకటి వస్తుంది. అంతే.

దవడ మాస్టారు ముప్ఫై ఏళ్ళుగా ఇవే చేస్తున్నాడు. బక్క మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పాత టూత్‌బ్రష్ ఉంటుంది, మోడల్ సందుల్లో పొడి దులపడానికి. మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టలేడు. ఒకసారి బస్టాపులో ఎవరో నమస్కారం పెడితే తెల్లమొహం వేశాడు. ఆ మనిషి నవ్వగానే, "మీరా! పై కుడి నాలుగో పన్ను ఎలా ఉందండీ?" అన్నాడు. బస్టాపులో అందరూ ఆయన్నే చూశారు.

నేను పళ్ళ డాక్టరు చదువు రెండో ఏట వదిలేసి ఈ ల్యాబుకు వచ్చాను. ఎందుకు మానేశావని ఊరంతా అడిగింది. ఆయన అడగలేదు. చేతులు చాపమన్నాడు, వేళ్ళు వణకడం లేదని చూసుకున్నాడు, మైనం ముద్ద ఒకటి చేతిలో పెట్టి పన్ను చెక్కమన్నాడు. నేను చెక్కింది చూసి, ఇది పన్నులా లేదు, అరిగిపోయిన సబ్బులా ఉందన్నాడు. అలా ఆరు నెలలు సబ్బులే చెక్కాను. ఇప్పుడు కంప్యూటర్ మీద తొడుగులు డిజైన్ చేసేది నేను. చేత్తో చేసేది ఆయన. కష్టమైన కేసులన్నీ ఇప్పటికీ ఆయన బల్ల మీదకే పోతాయి.

పోయిన నెల ఊరికి అవతలి వైపున్న క్లినిక్ నుంచి ఒక పెట్టె వచ్చింది. చీటీలో స్త్రీ, ఇరవై ఎనిమిది, ఎడమ దవడ కీలు, పదకొండేళ్ళుగా నొప్పి అని ఉంది. ఆయన ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక మోడల్ ఊడదీసి చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నవాడు మళ్ళీ కింద పెట్టలేదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. ఏమైందని నేను రెండుసార్లు అడిగాను. చివరికి చేతులు కడుక్కునే తొట్టి దగ్గర, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున అన్నాడు.

"నా కూతురు."

నేను నమ్మలేదు. ఆయన కింది వరసలో పక్కకి తిరిగిన పన్నొకటి చూపించాడు, ఓరగా తీసిన తలుపు రెక్కలా ఉంది. ఆ పిల్లకి పన్నెండేళ్ళప్పుడు ల్యాబుకి కొత్త రకం అచ్చు ముద్ద ఏది వచ్చినా ముందు ఆమె నోట్లోనే పెట్టి చూసేవాడట. ముద్ద గట్టిపడే దాకా నవ్వకూడదు. ఆ పిల్ల నవ్వేది, చొంగ కారేది, అచ్చు చెడిపోయేది, మళ్ళీ మొదటికొచ్చేది. ఎన్ని మోడళ్ళు పోశాడో లెక్కే లేదన్నాడు.

నాకు తెలిసిందల్లా ఆయన ఒంటరిగా ఒక గదిలో ఉంటాడని, భార్యాబిడ్డలు వేరే ఉంటారని. ఏడేళ్ళుగా మాటల్లేవు. కూతురికి ఉద్యోగం రాగానే తల్లిని తీసుకుని వెళ్ళిపోయింది. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజు చీటీ చివరి గీత మీద ఆయన వేలు పెట్టి నాకు చూపించాడు. కారణం అన్న చోట, మెట్ల మీంచి పడటం అని రాసుంది.

"పడలేదు," అన్నాడు. "నేను కొట్టాను."

అప్పటికి ఆ పిల్లకి పదిహేడేళ్ళట. ఆయన మైనం చెక్కే చాకుతో ఏదో డబ్బా మూత తీయబోయి మొన విరగ్గొట్టింది. అది ఆయనకు పని నేర్పిన గురువు ఇచ్చిన చాకు. చాకుకే ఇంత రాద్ధాంతమా నాన్నా అని నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకముందే ఈయన చెయ్యి లేచింది. చెంప మీద పడ్డ దెబ్బతో పాటు ఇంకో చప్పుడు వినబడింది ఆయనకి. అదేమిటో ఆ ఇంట్లో తెలిసినవాడు ఆయనొక్కడే. అయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. తీసుకెళితే దెబ్బ ఎలా తగిలిందని అడుగుతారు. రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే అన్నాడు. సర్దుకోలేదు. ఆ పిల్ల అన్నం తింటుంటే ముద్ద ముద్దకీ కీలు టక్కుమనేది. నాలుగేళ్ళు అదే బల్ల దగ్గర కూర్చుని, ఆ చప్పుడు వింటూ తాను కూడా తిన్నాడు. పొద్దున్నే ల్యాబుకొచ్చి ఊళ్ళోవాళ్ళ దవడలకి తొడుగులు చేశాడు.

దాచడం ఎందుకు, నాకు జాలి కలగలేదు. అసహ్యం వేసింది. ఇంతకాలం ఈయన దగ్గరా నేను పని నేర్చుకున్నది అనిపించింది. తొట్టి దగ్గరే వదిలేసి నా బల్లకి వచ్చేశాను. సాయంత్రం దాకా మాట్లాడలేదు. ఆయనా పలకరించలేదు, ఎవరికీ చెప్పొద్దని మాత్రం వెళ్ళేటప్పుడు అడిగాడు. కూతురికి ఆయన ఇక్కడ పని చేస్తున్నట్టు తెలుసు గానీ, ఆ క్లినిక్ పనులు ఇక్కడికొస్తాయని తెలియదు. తెలిస్తే ఆ తొడుగు నోట్లో పెట్టుకోదు. ఆయన భయమంతా అదే. పదకొండేళ్ళ తర్వాత ఆ దవడకి తన చేత్తో ఏదైనా చేసే దారి ఒకటి దొరికింది. అది పోగొట్టుకోకూడదు.

మర్నాడు నా కంట ఇంకొకటి పడింది. మోడల్లో ఎడమ వైపు పైన ఆఖరి పన్ను సరిగా రాలేదు. నోరు పూర్తిగా తెరవలేని మనిషికి ట్రే లోపలి దాకా పోదు. అక్కడ ముద్ద జారి, పన్ను చెరిగిపోయిన బొమ్మలా వచ్చింది. ఇలాంటిది వస్తే మాకు ఒకటే పద్ధతి. పని ఆపాలి, క్లినిక్‌కి ఫోన్ చెయ్యాలి, కొత్త అచ్చు అడగాలి. ఆ పద్ధతి నాకు నేర్పింది ఆయనే. అదే మాట చెప్పాను.

"దానికి నోరు తెరిస్తేనే ప్రాణం పోతుంది," అన్నాడు. "మళ్ళీ ఆ ట్రే కుక్కి రెండు నిమిషాలు ఉంచుతారా? వద్దులే. నాకు తెలిసిన నోరే కదా."

ప్లాస్టర్ కొద్దిగా కలిపి ఆ పన్నుని చేత్తో కట్టాడు. చాకుతో గుంటలు తీశాడు, అంచులు దిద్దాడు. చీటీ వైపు గానీ అచ్చు వైపు గానీ తలెత్తి చూడలేదు. కళ్ళు మూసుకుని కూడా చెక్కేవాడే అనిపించింది. ఒకటిన్నర రోజు పట్టే తొడుగుకి నాలుగు రోజులు తీసుకున్నాడు. మెరుగు పెట్టాక కిటికీ వెలుతురులో పట్టుకుంటే అక్కడ వస్తువు ఉన్నట్టే లేదు. అంత శుభ్రమైన పని నేను చూడలేదు. నా అసహ్యం కూడా ఆ నాలుగు రోజుల్లో ఎక్కడో పలచబడింది.

ఇంతకీ డాక్టరు ఫోన్ చేశాక తెలిసింది, ఆ పన్ను ఇప్పుడు ఆయనకి తెలిసిన పన్ను కాదు. నాలుగేళ్ళ కిందట పుచ్చిపోతే అరగదీసి పైన క్యాప్ పెట్టించుకుంది. క్యాప్ అసలు పంటికన్నా వెడల్పు. తొడుగు ఆ వైపు పూర్తిగా దిగలేదు. క్లినిక్‌లో డాక్టరు హడావిడిగా కాస్త అరగదీసి, రెండు రోజులు బిగుతుగా ఉంటుంది, ఓర్చుకోండి అని పంపేశాడు. ఆమె ఓర్చుకుంది. మూడో రోజు పొద్దున లేచేసరికి పళ్ళ మధ్య చెంచా కూడా పట్టలేదు.

పార్టిషన్ అవతల మా యజమానురాలికి ఇదేమీ చెప్పలేదు ఆయన. తప్పు నాదే అన్నాడు. వయసైపోయింది, కళ్ళు మందగించాయి అన్నాడు. అది అబద్ధం. ఆయన కళ్ళు నాకన్నా బాగా పనిచేస్తాయి. ఆవిడ కోపం దిగిపోయాక గొంతు తగ్గించి, ఈ వారంలో కొత్త అచ్చు వస్తుంది, నువ్వే చేసి నీ మాట నిలబెట్టుకో బాబాయ్ అంది.

దవడ కాస్త వదిలాక తీసిన అచ్చు గురువారం వచ్చింది. ఈసారి లోపలి దాకా అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆయన మోడల్ పోసి రెంటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మొదటిసారి గుర్తున్న పళ్ళనే చూసుకుని మురిసిపోయాడు. ఇప్పుడు ఒక్కొక్కటే బ్రష్షుతో దులిపి చూశాడు. క్యాప్ ఒక్కటే కాదు. కుడి వైపు కింద ఒక పన్ను లేనే లేదు. వెనక పళ్ళన్నీ బిగబట్టి కొరికి కొరికి చదునైపోయాయి. ముప్ఫై దాటని నోటికి అరవై ఏళ్ళ అరుగుదల. పాత మోడల్లో కూడా ఇది ఉంది. చూడలేదంతే.

బ్రష్షు పక్కన పెట్టి అన్నాడు, నాతో అన్నాడో తనతోనే అనుకున్నాడో. "ఈ పన్ను పీకించుకున్న రోజు పక్కన ఎవరున్నారో."

ఓదార్చడం నాకు చేతకాదు. చేతనైనా, ఆయన్ని ఓదార్చాలో లేదో తేల్చుకోలేకపోయాను. టీ తెచ్చి పెట్టాను. చల్లారిపోయింది. ఆయన కొత్త మోడల్ని రెండు చేతులా పట్టుకుని లేచి, నా బల్ల మీద, నా కీబోర్డు పక్కన పెట్టాడు.

"అబ్బాయ్, ఇది నువ్వు చెయ్యి."

మేడం మిమ్మల్నే చెయ్యమంది కదా అన్నాను.

"నా చెయ్యి మళ్ళీ పాత పళ్ళ దగ్గరికే పోతుంది. నీకైతే ఆ పిల్ల చిన్నప్పటి నోరు తెలియదు. ఉన్నది ఉన్నట్టు చేస్తావు."

సరేనన్నాను. ఆయన వెళ్ళలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఏదో అడగబోతున్నాడని, అడగడానికి మొహం చెల్లడం లేదని అర్థమైంది. నేను స్క్రీన్ వైపు తిరిగి పని చేస్తున్నట్టు నటించాను. అప్పుడు నోరు విప్పాడు.

"నెల పోయాక ఆ డాక్టరుకి ఫోన్ చెయ్యి. మామూలుగా అన్ని కేసులకీ అడిగినట్టే అడుగు. నేనడిగితే నా గొంతే నన్ను పట్టిచ్చేస్తుంది. నోట్లో వేళ్ళు నిలువునా పెట్టి చూస్తారు కదా, ఎంత తెరుచుకుంటోందని. మూడు పడితే బాగున్నట్టు. ఎన్ని పడుతున్నాయో కనుక్కుని నాకు ఆ అంకె ఒక్కటి చెప్పు. ఇంకేమీ అడగను."